నిరుద్యోగులకు పని చూపించే సంస్థల్లో నాయకత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు యువతకు శిక్షణ ఇచ్చి పనిలో పెట్టే చిన్న సంస్థలు చాలానే ఉన్నాయి. వాటి బాధ్యత కొత్తగా నెత్తికెత్తుకున్నవాళ్ళు ఫోన్ చేసో, మా ఆఫీసుకొచ్చో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. నేను రాయగడలో పదకొండేళ్ళుగా ఇలాంటి సంస్థ ఒకటి నడుపుతున్నాను. అడిగినప్పుడల్లా చెప్పే మాటలే ఇక్కడ రాసిపెట్టాను. ఒడిశా సరిహద్దులో ఉన్న తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బందులు కూడా ఇందులో ఉన్నాయి.

ఈ పనిలో నాయకత్వానికి ప్రత్యేకత ఏముంది? ఏ స్వచ్ఛంద సంస్థకైనా ఒకటే కదా?

ఒకటి కాదు. ఊళ్ళో బోరు వేయిస్తే అది రేపు పొద్దున్న కూడా అక్కడే ఉంటుంది. ఉద్యోగం అలా నిలబడదు. ఆ కుర్రాడు రోజూ లేచి షిఫ్టుకి వెళ్ళాలి, అక్కడి సూపర్‌వైజర్ మనిషిలా చూడాలి, నెలాఖరుకి జీతం పడాలి, ఇంట్లోవాళ్ళు వచ్చెయ్యమని ఫోన్లో ఏడవకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా పని పోతుంది. వీటిలో చాలావరకు మన చేతిలో ఉండవు.

మన ఎదురుగా ముగ్గురుంటారు. పని కావాల్సిన మనిషి, పని ఇచ్చే యజమాని, మనకు డబ్బిచ్చే ప్రభుత్వమో కంపెనీయో. అందరికంటే గొంతు పెద్దది మూడోవాళ్ళది. వాళ్ళ మెయిల్ రోజూ వస్తుంది, రివ్యూ మీటింగ్ నెలనెలా ఉంటుంది. గుణుపురం పైన కొండ ఊరికి పని వదిలేసి తిరిగొచ్చిన అమ్మాయి మాత్రం మెయిల్ పెట్టదు. ఆ అమ్మాయి సంగతి సంస్థలో ఎవరో ఒకరు మళ్ళీ మళ్ళీ ఎత్తాలి. సిబ్బంది అందరికీ టార్గెట్లుంటాయి, వాటిని సడలించే అధికారం వాళ్ళకుండదు. అది ఉన్నది మీకు. కాబట్టి ఎత్తాల్సింది కూడా మీరే.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మా మొదటి బ్యాచ్ 30 మందిని తమిళనాడులో ఒక బట్టల ఫ్యాక్టరీకి పంపినప్పుడు రాయగడ స్టేషన్లో పూలదండలు వేసి అలెప్పీ బండి ఎక్కించాం. ఆ ఫోటో పెద్దది చేయించి ఆఫీసులో గోడకు తగిలించాం. దసరా నాటికి సగం మందికి పైగా వచ్చేశారు. మిగిలినవాళ్ళలో ఒకడి తల్లి ఒకరోజు మా ఆఫీసుకొచ్చింది. గాజు పగిలిన ఫోను కొంగుచివర కట్టుకుని ఉంది. ఫోటోకేసి చాలాసేపు చూసి, "నీ ఫోటోలో మావాడు నవ్వుతున్నాడమ్మా, ఫోన్లో ఏడుస్తున్నాడు" అంది. ఆ సాయంత్రమే ఫోటో తీసేశాను. ఆ గోడకు ఇప్పుడు ఒక రిజిస్టరు వేలాడుతోంది. దాని సంగతి కింద చెప్తాను.

సంస్థ బాగా నడుస్తోందో లేదో ఏ లెక్క చూసి చెప్పాలి?

ఎంతమందిని పంపాం అన్నది మొదటి లెక్క, అంతే. ఎంతమంది నిలబడ్డారు అన్నది అసలు లెక్క.

పల్లెటూరి యువతకు శిక్షణ ఇచ్చి పని చూపించడానికి 2014లో మొదలైన కేంద్ర పథకం దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో ఈ విషయం కొంత ఆలోచించే పెట్టారు. శిక్షణ పొందినవాళ్ళలో కనీసం 70 శాతం మందికి పని చూపించాలి. మూడు నెలలు జీతం అందుకున్నట్టు ఆధారం ఉంటేనే దాన్ని ప్లేస్‌మెంట్ అంటారు. ఏడాది నిలబడితే సంస్థకు ప్రోత్సాహకం కూడా ఉంది. రూలు మంచిదే. కానీ రూలు మూడు నెలలంటే సంస్థల బుర్ర కూడా మూడు నెలల దగ్గరే ఆగిపోతుంది. మూడో జీతం స్లిప్పు వాట్సాప్‌లో రాగానే ఆ పేరు పక్కన టిక్ పడుతుంది, ఆ తర్వాత ఎవరూ ఫోన్ చెయ్యరు. కుర్రాళ్ళు తిరిగొచ్చేది ఎక్కువగా నాలుగో నెలలోనో, పెద్దపండక్కి ఇంటికొచ్చినప్పుడో. నేను చూసింది అదే.

మా రిజిస్టరు మామూలు పొడుగు పుస్తకం. పేరు, ఊరు, చేరిన తేదీ, తర్వాత 1, 3, 6, 12 నెలల గళ్ళు. ఫోన్లో మాట్లాడినవాళ్ళు ఆ గడిలో నీలం సిరాతో సంతకం పెడతారు. వచ్చేసిన వాళ్ళకు ఎర్ర సిరా. చివరి గడి అన్నిటికంటే వెడల్పుగా ఉంటుంది. దాని పేరు "ఎందుకొచ్చేశాడు". అందులో మన మాటలు రాయకూడదు, వాళ్ళన్నది అన్నట్టు రాయాలి. "అన్నంలో పులుపు లేదు." "రాత్రి డ్యూటీ అని ముందు చెప్పలేదు." "నాన్నకి పక్షవాతం." "ఒడియావాడివి అని అక్కడ తిట్టారు, ఇక్కడ తెలుగువాడివి అంటారు." ప్రతి నెలా మొదటి సోమవారం ఆ ఒక్క గడిని పైకి చదువుతాం. మా శిక్షణలో చేసిన మార్పుల్లో ముప్పాతిక వంతు అక్కడి నుంచి వచ్చినవే.

డబ్బిచ్చేవాళ్ళకు పెద్ద అంకె కావాలి. ఆ ఒత్తిడిని ఎలా తట్టుకోవాలి?

ముందు వాళ్ళ వైపు నుంచి చూడండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఉపాధి నైపుణ్యాల శిక్షణ ఆ జాబితాలో ఉంది. ఆ విభాగంలో కూర్చున్న మనిషి కూడా పైవాళ్ళకు లెక్క చెప్పుకోవాలి, అతనిదీ టెన్షనే. అతనికి చెప్పుకోదగ్గ అంకె మీరివ్వకపోతే ఉన్నదాన్నే పట్టుకుంటాడు.

నేను చేసేది ఇది. ఒప్పందం రాసుకునేటప్పుడే "200 మందికి శిక్షణ" అన్న చోట "120 మందికి శిక్షణ, ఏడాది తర్వాత పనిలో ఉన్నవాళ్ళ సంఖ్య తెలియజేయడం" అని రాయించడానికి ప్రయత్నిస్తాను. ఫాలో అప్ చేసే మనిషి జీతం బడ్జెట్‌లో విడిగా చూపిస్తాను. అలా చూపిస్తే "ఇది పాలనా ఖర్చు కదా" అని కొట్టేసేవాళ్ళుంటారు. అప్పుడు రిజిస్టరు జిరాక్సు తీసి బల్ల మీద పెడతాను. కొందరు ఒప్పుకున్నారు. ఒప్పుకోని రెండు ప్రాజెక్టులు వదులుకున్నాను. వదులుకున్న ఏడాది మూడు నెలలు అందరం సగం జీతంతో పనిచేశాం. ఇది తేలిక అని నేను చెప్పను.

విదేశీ నిధులు తీసుకునే సంస్థలు ఇంకో విషయం చూసుకోవాలి. విదేశీ నిధుల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత వాటిలో పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు అది 50 శాతం. ఆ డబ్బు వేరే సంస్థకు బదిలీ చెయ్యడానికీ వీల్లేదు. పెద్ద సంస్థ మీకు ఇస్తానన్న డబ్బు ఏ ఖాతా నుంచి వస్తుందో ముందే అడగండి.

నాయకులు కూడా కౌన్సెలింగ్ బల్ల దగ్గర కూర్చోవాలా? పైస్థాయి పనులకే టైము చాలదు కదా?

కూర్చోవాలి. వారానికి ఒక పూటైనా. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

1929, 30 ప్రాంతంలో ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మారియెన్‌తాల్ అనే చిన్న ఊళ్ళో బట్టల మిల్లు మూతపడింది. ఊరంతా దాని మీదే బతికేది. మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు తమ బృందంతో ఆ ఊరికెళ్ళి జనాన్ని దగ్గరగా చూశారు. పని లేకపోతే బోలెడు తీరిక దొరుకుతుంది, జనం చదువుకుంటారు, సంఘాలు పెడతారు అని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. లైబ్రరీలో పుస్తకాలు ఉచితంగా ఇచ్చినా జనం తీసుకెళ్ళే పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. వీధిలో నడిచే మగవాళ్ళ వేగాన్ని వాచీ పెట్టి లెక్కగట్టారు. నెమ్మదిగా, అడుగడుగునా ఆగుతూ నడుస్తున్నారు. ఇంటిపని మిగిలే ఉన్న ఆడవాళ్ళు వాళ్ళకంటే వేగంగా నడిచారు.

రాయగడలో, జయపురంలో పొద్దున్న పదకొండుకు టీ బడ్డీల దగ్గర నిలబడి చూడండి, ఆ నడక మీకు కనిపిస్తుంది. మన ఆఫీసుకొచ్చిన కుర్రాడు అడిగిన కాగితం తేలేదనుకోండి, సిబ్బంది "వీడికి ఇంట్రెస్టు లేదు మేడమ్" అంటారు. రెండేళ్ళు ఖాళీగా ఉన్నవాడికి ఒక జిరాక్సు తీయించుకుని రావడం కొండెక్కినంత పని. వారం వారం వాళ్ళ ఎదురుగా కూర్చుంటే తప్ప నాయకులకు ఇది గుర్తుండదు. మీటింగుల్లో మనమూ "మోటివేషన్ లేదు" అనేస్తాం. నేనూ అన్నాను.

ఈ జిల్లాల్లో ఏ భాషలో పని చెయ్యాలి?

ఎదుటి మనిషి ఏడ్చేది ఏ భాషలోనైతే ఆ భాషలో. కనీసం సంస్థలో ఒక్కరికైనా అది రావాలి. మా దగ్గర తెలుగు, ఒడియా, ఇక్కడి ఆదివాసీలు మాట్లాడే కువి, సవర నాలుగూ వినిపిస్తాయి.

1880లో పర్లాకిమిడికి బడిపంతులుగా వచ్చిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నారు. సవరలతో మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. వాళ్ళ భాషలో పుస్తకాలు రాశారు, వాళ్ళ పిల్లలకు సొంత డబ్బుతో బడి పెట్టారు. తెలుగువాళ్ళం ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మన భాషను తలుచుకుంటాం. ఆ రోజున సవర భాషలో పది మాటలు నేర్చుకోవడం ఆయనకు ఇంకా ఇష్టంగా ఉండేదని నాకనిపిస్తుంది. మా కొత్త సిబ్బందికి మొదటి నెలలో ఇచ్చే పని అదే.

తెలుగు పిల్లలకు సంబంధించి ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి, లేదా ఆ స్థాయి పరీక్ష విడిగా రాసి పాసవ్వాలి. తెలుగు మీడియంలో చదివి, డిగ్రీ కోసం శ్రీకాకుళమో విజయనగరమో వెళ్ళొచ్చిన పిల్లలకు ఈ సంగతి నోటిఫికేషన్ చూసేదాకా తెలియదు. మీ దగ్గర పేరు నమోదు చేసుకున్న రోజే "ఒడియా పరీక్ష పాసయ్యావా" అని అడగండి. ఫారంలో ఆ ప్రశ్న చేర్చడానికి ఒక్క గీత చాలు.

కులం సర్టిఫికెట్టు కూడా అంతే. రిజర్వేషన్ జాబితాలు ఏ రాష్ట్రానికవి. ఆంధ్రాలో ఉన్న అన్నదమ్ముల పిల్లలకు ఉన్న రిజర్వేషన్ ఇక్కడి పిల్లలకు ఉండకపోవచ్చు. తహసీల్దారు ఆఫీసులో కనుక్కోకుండా ఎవరికీ ఆశ పెట్టొద్దు.

కంపెనీలు మా ఫోనే ఎత్తవు. పని ఇచ్చేవాళ్ళను ఎలా సంపాదించాలి?

ఇక్కడ అందరి చూపూ నాలుగైదు గేట్ల మీదే ఉంటుంది. జేకేపూర్ పేపర్ మిల్లు, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్, టికిరి దగ్గర అల్యూమినా ఫ్యాక్టరీ, దామన్‌జోడిలో నాల్కో, సునాబెడలో హెచ్ఏఎల్. వీటిలో పర్మనెంటు ఉద్యోగం కోసం పదేళ్ళు ఎదురుచూసి పెళ్ళీడు దాటిపోయినవాళ్ళు నాకు తెలుసు. ఆ గేట్ల చుట్టూ ఉన్న కాంట్రాక్టర్లు, లారీ వర్క్‌షాపులు, ప్రైవేటు ఆస్పత్రులు, హోటళ్ళు, సరిహద్దు దాటితే పలాస జీడి ఫ్యాక్టరీలు వీటన్నిటికీ మనుషులు కావాలి. వాళ్ళు ఎవరికీ నోటిఫికేషన్ ఇవ్వరు.

యజమాని దగ్గరికి మొదటిసారి నాయకులే వెళ్ళాలి. "మా పిల్లలకు ఒక అవకాశం ఇవ్వండి" అని అడగొద్దు. ఆ మాటకు ఒకసారి ఇస్తారు, రెండోసారి మొహం చాటేస్తారు. "మీ దగ్గర ఎవరు నిలబడట్లేదు, ఎందుకు వెళ్ళిపోతున్నారు" అని అడగండి. జయపురంలో ఒక లారీ బాడీ వర్క్‌షాప్ యజమాని గంటన్నర మాట్లాడాడు. వెల్డింగ్ వచ్చినవాళ్ళు దొరుకుతున్నారట, టేపు పెట్టి కొలత సరిగ్గా తీసేవాళ్ళే దొరకట్లేదట. మేం మా వెల్డింగ్ క్లాసులో రెండు వారాలు ఉత్త కొలతలే పెట్టాం. ఇంచీలు, సూతులు, మిల్లీమీటర్లు. అప్పటి నుంచి అతనే ఫోన్ చేస్తాడు.

వలస పంపించడం సబబేనా? మనకూ, కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీలకూ ఏం తేడా?

ఇది నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న. మీకూ అలాగే ఉంటే మంచిదే.

గంజాం జిల్లా నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకు వెళ్ళడం తరాలుగా ఉంది. 2020 మేలో సూరత్ నుంచి శ్రామిక్ రైళ్ళు బరంపురం దగ్గర జగన్నాథపూర్ స్టేషన్‌కు రావడం మొదలైనప్పుడు ఎంతమంది అక్కడ బతుకుతున్నారో అందరికీ తెలిసింది. మన కొండ ప్రాంతం నుంచి కేరళ, తమిళనాడు, బెంగళూరు. మనం పంపినా పంపకపోయినా జనం వెళ్తారు. సర్దార్ అనే మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని వెళ్తే ఆ అప్పు తీరేదాకా అడుగు కదపలేరు. మన ద్వారా వెళ్తే ఆ ముడి ఉండకూడదు. తేడా అక్కడ ఉండాలి.

రాజస్థాన్‌లో ఉదయపూర్ కేంద్రంగా 2005 నుంచి పనిచేస్తున్న ఆజీవికా బ్యూరో వలస వెళ్ళేవాళ్ళ ఊళ్ళోనూ, వాళ్ళు పనిచేసే నగరంలోనూ రెండుచోట్లా పనిచేస్తుంది. సూరత్‌లో ఒడియా కార్మికులతోనూ పనిచేసింది. అంత పెద్ద పని మనం చెయ్యలేకపోయినా ఆ ఆలోచన తీసుకోవచ్చు. పంపిన చోట కూడా మన మనిషి ఒకరుండాలి. మాకు తిరుప్పూరులో ఎనిమిదేళ్ళుగా ఉంటున్న గుణుపురం కుర్రాడు ఒకడున్నాడు. కొత్తవాళ్ళు వెళ్ళగానే ఆదివారం తన గదికి పిలిచి చారు, ఎండుచేపల కూర పెడతాడు. అతనికి నెలకు ఫోన్ ఖర్చు మాత్రం ఇస్తాం.

మేం పెట్టుకున్న కట్టుబాట్లు కొన్ని. కొత్త కంపెనీకి మొదటి బ్యాచ్ వెళ్తే నాతో సహా ఒకరం వాళ్ళతో అదే బండిలో వెళ్ళి, అదే హాస్టల్లో మూడు రాత్రులు పడుకుంటాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వనివ్వం. చెప్పే జీతం చేతికొచ్చే జీతమే. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. "12,000 జీతం" అని పంపుతారు. మొత్తం మూల వేతనమే అనుకుంటే పీఎఫ్ 12 శాతం కింద 1,440, ఈఎస్ఐ 0.75 శాతం కింద 90 పోగా చేతికి 10,470 వస్తుంది. అందులో హాస్టల్, తిండి పట్టుకుంటే ఇంకా తక్కువ. కుర్రాడు "నన్ను మోసం చేశారు" అని బండెక్కేస్తాడు. పీఎఫ్ అతని డబ్బే, ఈఎస్ఐతో జబ్బు చేస్తే వైద్యం ఉంటుంది. ఈ మాట ఇంటి గుమ్మంలో, తల్లిదండ్రులు వింటుండగా, కాగితం మీద లెక్క రాసి చెప్తే ఎవరూ తిరిగిరారు. ఫ్యాక్టరీకెళ్ళాక చెప్తే ఎవరూ నమ్మరు.

అమ్మాయిలను పంపడానికి తల్లిదండ్రులు ఒప్పుకోరు. ఏం చెయ్యాలి?

ఒప్పుకోకపోవడంలో వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళు వినే కథలు అలాంటివి. మేం తల్లుల్లో ఇద్దరిని మా ఖర్చుతో ముందే తీసుకెళ్ళి హాస్టల్ చూపించాం. వాళ్ళు చూసింది మేం అనుకున్నవేవీ కావు. బాత్‌రూమ్‌కి లోపల గడియ ఉందా, వార్డెన్ పెళ్ళయినావిడేనా, రాత్రి షిఫ్టు తర్వాత బస్సు గేటు లోపలిదాకా వస్తుందా. ఆ మూడూ ఇప్పుడు మా తనిఖీ కాగితంలో మొదటి మూడు ప్రశ్నలు.

పదిమంది కంటే తక్కువ కాకుండా పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తుంది. కంపెనీని అడిగే ముందు మీ సంస్థలో ఉందో లేదో చూసుకోండి.

బయటికి వెళ్ళలేనివాళ్ళ సంగతి?

వాళ్ళను వదిలెయ్యకండి. ముసలి తల్లిదండ్రులున్న ఒక్కగానొక్క కొడుకు, చంటిపిల్లల తల్లి, ఒకసారి వెళ్ళి దెబ్బతిని వచ్చినవాడు ఎప్పుడూ ఉంటారు. జిల్లాల్లో లీడ్ బ్యాంకుల ఆధ్వర్యంలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, ఆర్‌సెటీలు, ఉన్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన నమూనా అది. శిక్షణ, వసతి, భోజనం ఉచితం, ఆ తర్వాత రెండేళ్ళు వెంట ఉండి చూస్తారు. మన దగ్గరికి వచ్చినవాణ్ణి అక్కడికి పంపితే మన అంకె తగ్గుతుందని కొందరు చెప్పరు. దయచేసి చెప్పండి.

బరంపురంలో పట్టు నేసే తెలుగు కుటుంబాలున్నాయి, అప్పడాలు, పచ్చళ్ళ వ్యాపారం ఉంది. పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చేసేవాళ్ళున్నారు. ఇంటి దగ్గర ఉండే పనులకు మార్కెట్ చూపించడం కూడా మన పనే.

ఎమ్మెల్యే మనుషులు పేర్లు పంపిస్తే?

అందరితో పాటు వరసలో కూర్చోబెట్టండి, టీ ఇవ్వండి. మొదటి ఏడాది కోపాలొస్తాయి. రెండో ఏడాది నుంచి పంపడం మానేస్తారు.

సిబ్బంది ఎవరైనా కుర్రాళ్ళ దగ్గర డబ్బు తీసుకున్నట్టు తెలిస్తే?

ఆ రోజే బయటికి. ఐదు వందలైనా అంతే. డబ్బు తిరిగిచ్చేది సంస్థ, ఇచ్చేది ఆ ఇంటికెళ్ళి. మా దగ్గర ఒకసారి జరిగింది. చాలా మంచి పనిమంతుడు, నాకు తమ్ముడి వరస. ఇంట్లో ఇప్పటికీ ఆ మాట అంటారు.

సిబ్బంది ఏడాదికే వెళ్ళిపోతున్నారు. ఎలా నిలబెట్టుకోవాలి?

రాత్రి పదకొండింటికి ఫోన్ మోగుతుంది. "మేడమ్, నన్ను గదిలోంచి పంపించేశారు, రోడ్డు మీద ఉన్నాను." ఎత్తేది నెలకు చిన్న జీతానికి పనిచేసే పాతికేళ్ళ అమ్మాయి. ఇలాంటి ఫోన్లు పది ఎత్తాక ఆ అమ్మాయే కౌన్సెలింగ్ అవసరమైన స్థితికి వస్తుంది.

మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళను పనిలో పెట్టడానికి 1990లలో అమెరికాలో ఒక పద్ధతి వచ్చింది. ముందు పనిలో పెట్టి, ఆ తర్వాత పక్కన ఉండి నేర్పించడం దాని మూలం. అందులో ఒక్కో కార్యకర్త చూసేది 20 మందిని మించకూడదని నియమం. మన దగ్గర ఒక్కొక్కరి నెత్తిన వంద, నూట యాభై పేర్లుంటాయి. 20 మనకు కుదరదు, డబ్బు లేదు. కానీ వంద మోస్తున్న మనిషిని "ఎందుకు ఫోన్ చెయ్యలేదు" అని కోప్పడేటప్పుడు ఆ 20 గుర్తుంచుకోండి. మేం రాత్రి ఫోన్‌ని వారానికొకరం వంతులు వేసుకున్నాం. ఆ వంతుల్లో నా పేరూ ఉంది. నా పేరు ఉండడంతో వెళ్ళిపోవడాలు తగ్గాయని మా వాళ్ళే చెప్పారు.

కమిటీలో ఎవరుండాలి? నా తర్వాత ఎవరు?

1860 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ కావాలంటే కనీసం ఏడుగురు కావాలి. చాలాచోట్ల ఆ ఏడుగురూ ఒకే పెళ్ళి భోజనంలో కూర్చునేవాళ్ళే. భార్య, బావమరిది, పక్కింటి మాస్టారు. సంతకాలు ఇంటికే పంపిస్తారు. అలాంటి కమిటీ ఉన్నప్పుడు తప్పు చేస్తే ఆపేవాళ్ళుండరు, చేసింది ఒప్పయినా అండగా నిలబడేవాళ్ళుండరు.

మా కమిటీలో ఇప్పుడు మా ద్వారా పనిలో చేరి తిరిగొచ్చేసిన ఒక సవర అమ్మాయి ఉంది. మొదటి రెండు మీటింగుల్లో నోరు విప్పలేదు. మూడో మీటింగులో "మీరు ఫోన్ చేసినప్పుడు సూపర్‌వైజర్ పక్కనే ఉంటాడు, మేం బాగున్నామనే చెప్తాం" అంది. అన్నేళ్ళుగా మేం నీలం సిరాతో పెట్టిన సంతకాలన్నీ ఆ మాటతో తలకిందులయ్యాయి. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నమే ఫోన్ చేస్తాం, "బయటికొచ్చి మాట్లాడు" అంటాం.

నా తర్వాత ఎవరన్నది ఇంకా తేలలేదు. ఇద్దరికి నేర్పిస్తున్నాను. ఈ ఏడాది యజమానులతో మాట్లాడడం, డబ్బిచ్చేవాళ్ళ మీటింగులు పూర్తిగా వాళ్ళకే వదిలేశాను. రిజిస్టరు, బల్ల మాత్రం ఇంకా వదల్లేకపోతున్నాను. అది నా లోపమేనని కమిటీ చెప్పింది, వచ్చే పెద్దపండగ దాకా గడువిచ్చింది.

ఎన్నిసార్లు పంపినా తిరిగొచ్చేసేవాడిని ఏం చెయ్యాలి?

మళ్ళీ కూర్చోబెట్టాలి. మా రిజిస్టరులో ఒకడి పేరు నాలుగుసార్లుంది, నాలుగూ ఎర్ర సిరానే. సెక్యూరిటీ, హోటలు, బట్టల ఫ్యాక్టరీ, కొరియర్. సిబ్బందికి ఓపిక నశించింది, నాకూ. ఐదోసారి వచ్చినప్పుడు కారణం అడగడం మానేసి, ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తావని అడిగాను. నాగావళి ఒడ్డున పంపుసెట్లు బాగుచేసే మామయ్య దగ్గర కూర్చుంటాడట, డబ్బులివ్వడట, అయినా వెళ్తాడట. చేతులు చూపించమన్నాను. గోళ్ళ కింద గ్రీజు. నాలుగు ఫారాల్లో ఎక్కడా ఆ సంగతి లేదు, ఎవరం అడగలేదు. ఇప్పుడు మోటారు వైండింగ్ నేర్చుకుంటున్నాడు. ఈ ఆదివారం అతనికి ఫోన్ చెయ్యాల్సిన వంతు నాది.